పోగొట్టుకున్న చోటే వెతకాలా?

తడ నుంచి ఒక పాఠకుడు ఉత్తరం రాశారు. 2019 జూలై 15 తెల్లవారుజామున చంద్రయాన్-2 చూడాలని పిల్లలతో మిద్దె మీద మేలుకొని కూర్చున్నారట. ప్రయోగం 2 గంటల 51 నిమిషాలకు. అందరూ పులికాట్ సరస్సు అవతల శ్రీహరికోట దిక్కే చూస్తుండగా, ఇంకా 56 నిమిషాల 24 సెకన్లు ఉందనగా లెక్కింపు ఆగిపోయింది. సాక్షాత్తూ రాష్ట్రపతి వచ్చి కూర్చున్నారు, దేశమంతా చూస్తోంది, కోట్లు ఖర్చయ్యాయి. అంతదాకా వచ్చాక ఆపడానికి వాళ్లకు మనసెలా ఒప్పిందని ఆయన ప్రశ్న. పలమనేరు దగ్గర తన చేలో మూడు బోర్లు ఎండినా నాలుగోది వేయకుండా ఉండలేకపోయానని కింద ఒక వాక్యం చేర్చారు. ఆ వాక్యం నన్ను పట్టుకుంది. ఆయనకు తెలియకుండానే ప్రశ్నలో సగం జవాబు పెట్టేశారు.

పెట్టిన డబ్బు ఎలాగూ తిరిగిరాదు కాబట్టి ఇకముందు పెట్టబోయేదానికి ఏం వస్తుందో అదొక్కటే చూడాలి. అర్థశాస్త్రం చెప్పేది ఇంతే. చెప్పడం తేలిక, చేయడం కష్టం. బ్రిటన్, ఫ్రాన్స్ 1962లో ఒప్పందం చేసుకొని కంకార్డ్ విమాన తయారీకి దిగాయి. ఖర్చు అంచనాలను ఎన్నో రెట్లు దాటినా వదల్లేదు. చివరికి ప్రయాణికులను మోసినవి 14 విమానాలే. పండితులూ ఇక్కడ జారిపడ్డారు. ఎక్కువ శ్రమ పెట్టిన తల్లి జీవి పిల్లలను వదలదని, కారణం ఆ పెట్టిన శ్రమేనని జీవశాస్త్రవేత్త రాబర్ట్ ట్రివర్స్ 1972లో రాశారు. ఈ తర్కం తప్పని, లెక్కకు రావలసింది ముందున్న ఫలితమేనని 1976లో రిచర్డ్ డాకిన్స్, టి.ఆర్. కార్లైల్ ఎత్తిచూపారు. డాకిన్స్ దీనికి కంకార్డ్ పేరే పెట్టారు.

అయితే తప్పని తెలిసీ ఎందుకు ఆగలేం? బోరు బండి పక్కన నిలబడి చూడండి. తెల్లటి రాతిపొడి ఎగిరి మామిడాకుల మీద పేరుకుంటూ ఉంటుంది. ఒక్కో రాడ్డు దిగుతుంటే ఇంటిల్లిపాదీ లెక్కపెడతారు. లోతు పెరిగేకొద్దీ అడుగు రేటూ పెరుగుతుంది. పొడి మాత్రం తడవదు. అప్పుడొక గొంతు లేస్తుంది: ఇంకో వందడుగులు చూద్దాం. చాలాసార్లు ఆ గొంతు టెంకాయ పట్టి పాయింటు చూపించినాయనది, లేదా ఆయన్ని పిలుచుకొచ్చిన ఇంటి పెద్దది. పక్క చేను ఆసామి మాత్రం చాలులే నాయనా అంటాడు. డబ్బు ఆయనది కాదు కాబట్టి అలా అన్నాడనుకుంటాం. అంతకంటే పెద్ద కారణం ఉంది. ఆ పాయింటు ఎంచింది ఆయన కాదు.

ఈ తేడాను బారీ స్టా అనే పరిశోధకుడు 1976లో ఎంత అందంగా పట్టుకున్నారో చూడండి. 240 మంది వాణిజ్య విద్యార్థులను ఒక కంపెనీ అధికారుల పాత్రలో కూర్చోబెట్టారు. రెండు విభాగాల్లో ఒకదానికి కోటి డాలర్లు ఇవ్వాలి. సగం మంది ఆ విభాగాన్ని తామే ఎంచారు. మిగతా సగానికి, పాత అధికారి ముందే ఎంచి వెళ్లాడని చెప్పారు. తర్వాత కొందరికి ఆ విభాగం బాగుపడిందని, కొందరికి దెబ్బతిన్నదని లెక్కలు చూపించారు. ఇప్పుడు చేతిలో ఇంకో 2 కోట్లు. ఎవరు ఎంత పోశారు? తామే ఎంచి, అది దెబ్బతిన్నదని తెలిసినవాళ్లు దానికే సగటున సుమారు కోటి 30 లక్షలు ఇచ్చారు. మిగతా మూడు గుంపులు ఆ దరిదాపుల్లో లేవు. ఓడిన గుర్రం మీద ఎక్కువ పందెం కాసింది దాన్ని ఎంచుకున్నవాళ్లే!

అంటే మనల్ని లాగేది పోయిన డబ్బొక్కటే కాదు, "నేను ఎంచాను" అన్న మాట. ఆపితే నా ఎంపిక తప్పని నలుగురి ముందు తేలిపోతుంది. కొనసాగిస్తే ఆ తీర్పు ఇంకొన్నాళ్లు వాయిదా పడుతుంది. వాయిదాకు మనం కట్టే వడ్డీయే ఆ అదనపు వందడుగులు. ఆఫీసుల్లో ఈ వడ్డీ ఇంకా ఎక్కువ, ఎందుకంటే ఎంచినాయనే సమీక్షకూ కూర్చుంటాడు.

ఇప్పుడు శ్రీహరికోటకు వద్దాం. 1979 ఆగస్టు 10. తొలి ఎస్‌ఎల్‌వి-3. చివరి నిమిషాల్లో కంప్యూటర్ ప్రయోగాన్ని ఆపేసింది. నియంత్రణ వ్యవస్థలో లీకు. ఇంధనం సరిపడా ఉందని నిపుణులు చెప్పడంతో, ప్రాజెక్టు డైరెక్టర్ అబ్దుల్ కలాం కంప్యూటర్‌ను పక్కనబెట్టి వదిలారు. మొదటి దశ బాగా పనిచేసింది. రెండో దశ అదుపు తప్పింది. 317 సెకన్లలో అంతా ముగిసి, శకలాలు బంగాళాఖాతంలో పడ్డాయి. ఈ సంగతి కలామే ఎన్నో సభల్లో దాపరికం లేకుండా చెప్పారు. విలేఖరుల ముందుకు అప్పటి ఇస్రో అధ్యక్షుడు సతీశ్ ధవన్ తానే వెళ్లి భారం మోశారు; 1980 జూలై 18న గెలిచినప్పుడు కలాంను పంపారు. ధవన్ పెద్దమనసుకు ఉదాహరణగా ఈ కథ అందరూ చెబుతారు. అది నిజమే. నాకు మాత్రం ఇందులో ఇంకో పాఠం కనిపిస్తుంది. ఆ గదిలో ఆ రాకెట్ మీద ఆశ పెట్టుకోనిది కంప్యూటర్ ఒక్కటే.

తర్వాతి రోజుల్లో చూడండి. 2001 మార్చి 28న జీఎస్‌ఎల్‌వి తొలి ప్రయోగంలో ఇంజిన్లు మండాక కూడా, ఒకటి తగినంత బలం ఇవ్వలేదని యంత్రమే ఆపేసింది. ఏప్రిల్ 18న అదే రాకెట్ ఎగిరింది. 2023 అక్టోబర్ 21న గగన్‌యాన్ పరీక్ష వాహనం 5 సెకన్ల ముందు ఆగింది. లోపం సరిచేసి అదే ఉదయం 10 గంటలకు పంపారు. చంద్రయాన్-2 వారం ఆగి జూలై 22న బయల్దేరింది. ఆగడానికి హద్దులు ముందే, మనసులు చల్లగా ఉన్న రోజున, అంకెల్లో రాసిపెట్టి ఉంటాయి. అందుకే చివరి ఘడియలో ఎవరి పరువూ అడ్డం రాదు.

దీన్ని మన కార్యాలయాలు ఎందుకు నేర్చుకోవో నాకు బాధగా ఉంటుంది. ఏ పథకం ఫైలు తెరిచినా ఎంత ఖర్చవుతుందో రాస్తారు, ఎక్కడ ఆపాలో రాయరు. పైగా "పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలి" అని సామెత చెప్పి ధైర్యం నూరిపోస్తారు. ఆ సామెత ఉంగరానికి పనికొస్తుంది, పెట్టుబడికి పనికిరాదు.

తడ మిత్రమా, మళ్లీ బోరు వేయించేటట్లయితే బండి రాకముందే ఎన్ని అడుగులకు ఆపాలో కాగితం మీద రాయండి. ఆ కాగితం మీ దగ్గర ఉంచుకోకండి. పక్క చేను ఆసామి చేతికివ్వండి, ఆయన ఆపమన్నప్పుడు ఆపండి.