చేతిఫోనుతో పైరును జూపి సలహా బడయుట

ప్రత్తి యాకు ఎఱ్ఱబాఱుటకు కారణము లనేకములు. మెగ్నీషియము లోపించినచో ముదురాకులలో ఈనెలు పచ్చగనే యుండి, వాని నడిమి భాగము ఎఱ్ఱనగును. పచ్చదోమ రసము పీల్చినచో ఆకుల అంచులు పసుపువన్నెకు దిరిగి, క్రిందికి ముడుచుకొని, పిదప ఎఱ్ఱబాఱును. మొదటిదానికి పురుగుమందు చల్లిన ధనము వ్యర్థము. రెండవదానికి మెగ్నీషియము చల్లిన ఫలము శూన్యము. "ఆకు ఎఱ్ఱబాఱినది" యని నోటిమాటగ జెప్పినచో దూరముననున్న శాస్త్రజ్ఞుడు నిశ్చయింపజాలడు. ఆకును జూపుచు మాటలాడవలెను. అట్టి సాధనము నేడు మన సభ్యులలో పెక్కుమంది జేబులలోనే యున్నది.

స్మార్ట్‌ఫో ననునది పూర్వము వేఱువేఱుగ నుండిన మూడు సాధనముల కలయిక. అందు మొదటిది అరచేతి కంప్యూటరు. 1996లో అమెరికాలో వెలువడిన పామ్ పైలట్టు అట్టిదే. అది లెక్కలను, చిరునామాలను దాచునే గాని మాటలాడనీయదు. రెండవది సెల్‌ఫోను. మనదేశమున తొలి సెల్‌ఫోను సంభాషణ 1995 జూలై 31న కలకత్తా, ఢిల్లీ నగరముల నడుమ జరిగినది. మూడవది ఇంటర్నెట్టు మూలమున మాటలాడుట. దీనికి మన ప్రభుత్వము 2002 ఏప్రిలు 1 నుండి కొన్ని పరిమితులతో అనుమతి నిచ్చినది.

ఈ మూడును ఏకము గాకమునుపు పైరును జూపుటకు ఎంత శ్రమ పడవలసివచ్చెనో హైదరాబాదు ఉదాహరణము తెలుపును. అచ్చట మాదాపురమున 1998 నవంబరు 22న సైబర్ టవర్సు భవనము ప్రారంభమైనది. దానితో మొదలైన హైటెక్ సిటీకి సమీపమున, గచ్చిబౌలియందు, ట్రిపుల్ ఐటీ యను విద్యాసంస్థ కలదు. ఆ సంస్థవారు 2004లో వరంగల్లు జిల్లాలోని మూడు గ్రామముల ప్రత్తిరైతులకు "ఇ-సాగు" అను పద్ధతిని ప్రవేశపెట్టిరి. గ్రామమున చదువుకొన్నవారు వారమున కొకమాఱు పొలములకు బోయి, కెమెరాతో చిత్రములు దీసి, వానిని సీడీలపై నెక్కించి, కొరియరు ద్వారా హైదరాబాదునకు బంపెడివారు. నిపుణులు వానిని జూచి వ్రాసిన సలహా ఇంటర్నెట్టు ద్వారా గ్రామమునకు జేరెడిది. నాటి గ్రామములోని టెలిఫోను తీగలకు అన్ని చిత్రములను మోయు శక్తి లేదు. నేడు కెమెరా, కంప్యూటరు, కొరియరు వాని పని యంతయు ఒక్క చేతిఫోనే చేయుచున్నది.

ఇంటర్నెట్టులో మాట ఎట్లు పోవునో తెలిసికొన్నచో దానిని వాడు విధము బోధపడును. ధాన్యమును సంచులకెత్తి, ప్రతి సంచికిని సంఖ్యయు చిరునామాయు వ్రాసి, పలు బండ్లపై వేఱువేఱు దారుల బంపుటవంటి దది. మన మాటయు సంఖ్యలుగ మాఱి, చిన్నచిన్న కట్టలై ప్రయాణము చేసి, అవతలి ఫోనులో వరుసగ గూడుకొనును. మాటలాడునపుడు ఆలస్యముగ వచ్చిన కట్టను యంత్రము విడిచిపెట్టును. అందుచేతనే గొంతు తెగితెగి వినబడును. పంపిన చిత్రము విషయమున అట్లుగాదు. తప్పిపోయిన కట్టను యంత్రము మరల తెప్పించుకొనును. కావున సిగ్నలు బలహీనముగ నున్నచోట ముఖము జూచుచు మాటలాడు కాలునకు ప్రయత్నింపరాదు. చిత్రములను ముందుగ బంపి, అవి చేరినపిమ్మట సామాన్యమైన ఫోనుకాలు చేయుటయే ఉత్తమము.

చిత్రములు నాలుగు కావలెను: పొలమంతయు ఒకటి, మొక్క యంతయు ఒకటి, ఆకు పైవైపు ఒకటి, ఆకు అడుగువైపు ఒకటి. దోమ అడుగువైపుననే దాగియుండును గనుక నాలుగవదానిని మఱవరాదు. పగటి వెలుతురున, సూర్యుడు మన వెనుక నుండునట్లు నిలిచి, చేయి కదలక తీయవలెను. వానితోబాటు విత్తనపు రకము, విత్తిన తేది, నేల, కురిసిన వాన, వేసిన ఎరువు, చల్లిన మందు తెలుపవలెను. ఈ వివరములు లేని చిత్రము రోగి చరిత్ర తెలియని వైద్యుని చేతిలోని నాడివంటిది.

చిత్రములను మండల వ్యవసాయాధికారికి గాని కృషి విజ్ఞాన కేంద్రమునకు గాని పంపవచ్చును. 2004 జనవరి 21న ప్రారంభమైన కిసాన్ కాల్ సెంటరునకు 1800-180-1551 సంఖ్యపై ఉచితముగ ఫోను చేయవచ్చును. అంబులెన్సు మొదలగు అత్యవసరములకు మాత్రము ఇంటర్నెట్టు కాలును నమ్ముకొనక, సామాన్యకాలుతో 108గాని 112గాని పిలువవలెను. మఱియు సలహా చెప్పెదనని ఓటీపీ యడుగువాడు సలహాదారుడు గాడు; ఆ సంఖ్యను ఎవ్వరికిని జెప్పరాదు.

స్మార్ట్‌ఫోను లేని సభ్యులును మనలో కలరు. ప్రతి సంఘమును ఒక ఫోనును కొని, వారమున కొకదినము నిర్ణయించి, చదువు నేర్చిన యువకు నొకనిని వారి పొలములకు బంపినచో ఈ లోపము తీఱును. వచ్చిన సలహాను, దానివలని ఫలితమును పుస్తకమున వ్రాసి యుంచినచో మఱుసటి యేడు ఇరుగుపొరుగు రైతులకును ఉపకరించును. లీటరు నీటికి 10 గ్రాముల మెగ్నీషియము సల్ఫేటుతో తీఱు లోపమునకు వేల రూపాయల పురుగుమందును అరువు దెచ్చుకొను కుటుంబము ఒక్కటి తగ్గినను, ఆ ఫోనునకు బెట్టిన మూల్యము సంఘమునకు ముట్టినట్లే యగును.