నాలుకకు తెలియని నీళ్లు

మా ఉప్పాడలో బోరు నీళ్లు ఎలా ఉన్నాయో చెప్పడానికి ల్యాబ్ అక్కర్లేదు. మా అమ్మమ్మ ఒక్క గుక్క తాగి "ఉప్పెక్కిపోయాయిరా" అనేస్తుంది. సముద్రం పక్కనే కదా, మాకు అలవాటే. మరి నీళ్లలో యురేనియం కలిస్తే? రంగు మారదు, వాసన రాదు, నాలుకకు తెలియదు. అక్కడ అమ్మమ్మ చేసే పని చట్టం చెయ్యాలి.

దూరం వెళ్లక్కర్లేదు, మన రాష్ట్రంలోనే కడప జిల్లా తుమ్మలపల్లె ఉంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ యూసీఐఎల్ అక్కడ 2012 నుంచి యురేనియం ఖనిజాన్ని శుద్ధి చేస్తోంది. టన్ను రాయిలో అరకిలో యురేనియం కూడా ఉండదు. మిగతాదంతా రాతిపొడి, సోడియం లవణాలు కలిసిన బురద. దాన్ని టెయిలింగ్స్ చెరువులోకి పంపుతారు. యురేనియం తీసేసినా రేడియం ఆ బురదలోనే ఉండిపోతుంది. దాని అర్ధాయువు సుమారు 1600 ఏళ్లు!

చెరువు అడుగు నుంచి ఊట దిగకూడదంటే బెంటొనైట్ మట్టి పరవాలి. తడిస్తే అది ఉబ్బి సందులు మూస్తుంది. దానికి తోడు పాలిథిలీన్ షీటు వెయ్యాలి. చుట్టూ పరీక్ష బోర్లుండాలి.

ఇవన్నీ ఎవరు చూడాలి? రేడియేషన్ భద్రత కేంద్రంలోని ఏఈఆర్‌బీ పని. కానీ 1974 నీటి చట్టం ప్రకారం రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి అనుమతి కూడా కావాలి. మండలి షరతులు పెట్టొచ్చు, తప్పితే నోటీసివ్వొచ్చు, మూయించనూ వచ్చు.

తుమ్మలపల్లెలో లైనింగు సరిగా వెయ్యలేదని, బోర్లు పాడై అరటితోటలు దెబ్బతిన్నాయని చుట్టుపక్కల రైతులు ఫిర్యాదు చేశారు. 2019లో మండలి షోకాజ్ నోటీసు ఇచ్చింది. సంస్థ మాత్రం ఆరోపణలను ఒప్పుకోలేదు.

ఈ తగవు తేలడం ఎందుకు కష్టమో చూడండి. యురేనియం ఉన్న నేలలో నీళ్లలోనూ సహజంగానే కొంత ఉంటుంది. గని రాకముందు ఎంత, వచ్చాక ఎంత అని పోల్చితేనే నిజం బయటపడుతుంది. పైగా హద్దు కూడా ఒకటి కాదు. లీటరుకు 30 మైక్రోగ్రాములని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటే, 60 అని ఏఈఆర్‌బీ పెట్టింది.

కాబట్టి తవ్వకానికి ముందే ప్రతి బోరూ పరీక్షించాలి. ఆ తర్వాత కూడా క్రమం తప్పకుండా పరీక్షించి, ఆ అంకెలు తెలుగులో రాసి ఊరి పంచాయతీ గోడకు అంటించాలి. ఉప్పును మా అమ్మమ్మ పట్టేస్తుంది. యురేనియాన్ని పట్టేది ఆ కాగితమే.