ఇంటివద్దనే మోటారు సైకిలు క్లచ్చు మార్చుకొనుట

కరీంనగర్, ఆదిలాబాదు ప్రాంతముల పల్లెలలో ఒకప్పుడు ఎడ్లబండి చేసిన పనిలో సగము నేడు మోటారు సైకిలు చేయుచున్నది. తెల్లవారక ముందే పాల క్యానులను కేంద్రమునకు చేర్చునది, ఎరువు బస్తాను చేనికి మోయునది, జ్వరము తగిలిన పిల్లవానిని ఆసుపత్రికి తీసికొనిపోవునది అదియే. 1985లో హీరో హోండా సీడీ 100 విపణికి వచ్చిన పిదప ఇట్టి నాలుగు స్ట్రోకుల చిన్న బండ్లు పల్లెలకు విరివిగా వ్యాపించినవి. వీనిలో సామాన్యముగా మొదట మొరాయించు భాగములలో క్లచ్చు ఒకటి. దానిని గురించి పంచాయతీ సభ్యులకు నాలుగు విషయములు తెలిసియుండుట మేలని మేము తలచుచున్నాము.

క్లచ్చు అనగా ఇంజనుకును గేర్లకును నడుమ నుండు కలయిక. మోదుగ విస్తరాకుల కట్టను రెండు అరచేతుల మధ్య అదిమి పట్టినచో ఆకులన్నియు ఒక్కటిగా కదలును. చేయి వదులు చేసినచో ఒకదానిపై నొకటి జారిపోవును. క్లచ్చులో జరుగునదియు ఇంతియే. రాపిడి పూత గల ప్లేట్లు, నునుపైన ఉక్కు ప్లేట్లు ఒకటి విడిచి ఒకటిగా అమర్చబడియుండును. స్ప్రింగులు వానిని అదిమి పట్టును. చేతిపిడి నొక్కినప్పుడు ఆ అదుము సడలి, ఇంజను తిరుగుచున్నను చక్రము తిరుగదు. ఈ చిన్న బండ్లలో ప్లేట్లు ఇంజను నూనెలోనే మునిగి పనిచేయును. ఈ సంగతి మరువరాదు.

ప్లేట్లు అరిగినచో ఇంజను మోత పెరుగును గాని వేగము పెరుగదు. నిర్మల్ దాటి ఆదిలాబాదు దారిలో మహబూబ్ ఘాటు ఎక్కునప్పుడు, ఆసిఫాబాదు నుండి ఉట్నూరు పోవు దారిలో కెరమెరి ఘాటు ఎక్కునప్పుడు ఈ లోపము వెంటనే బయటపడును. ఎక్కుటకంటె దిగుటయే ప్రమాదకరము. దిగుడులో చిన్న గేరు వేసినచో ఇంజను బండిని కొంత పట్టి యుంచును. క్లచ్చు జారునప్పుడు ఆ పట్టు తగ్గి, భారమంతయు బ్రేకులపై పడును. వెనుక ఇద్దరిని, ముందు ఒక బస్తాను పెట్టుకొని దిగువారి సంగతి చెప్పనక్కరలేదు.

అయితే క్లచ్చు జారిన ప్రతిసారియు ప్లేట్లు మార్చవలసినదే యనుట పొరపాటు. మొదట క్లచ్చు వైరును చూడవలెను. ఈ తరగతి బండ్లలో అనేకములకు పిడి కొనవద్ద 10 మొదలు 20 మిల్లీమీటర్ల వరకు వదులు ఉండవలెను. వదులు బొత్తిగా లేనిచో ప్లేట్లు సగము విడిపోయియే యుండి అరుగును. పిదప నూనెను విచారింపవలెను. కారునకు పోయు నూనెలలో కొన్నిటియందు రాపిడి తగ్గించు పదార్థములు కలుపబడియుండును. అవి కారుకు మేలు, ఈ క్లచ్చుకు కీడు. డబ్బాపై జాసో ఎం.ఏ. అను గుర్తు గల నూనెనే కొనవలెను. వైరు సరిచేసి, నూనె మార్చినంతనే కుదుటపడిన బండ్లు లేకపోలేదు.

ఇవి చూచినను ఫలము లేనిచో మూత విప్పవలెను. బండిని చదునైన చోట నిలిపి, ఇంజను చల్లారనిచ్చి, పాత నూనెను ఒక పళ్లెములోనికి వదలవలెను. కిక్కు రాడ్డును తీయుటకు ముందు దాని స్థానమునకు గీత పెట్టుకొనవలెను. కుడివైపు మూత బోల్టులు అన్నియు ఒకే పొడవున ఉండవు. ఒక అట్టముక్కపై మూత ఆకారము గీసి, ఏ బోల్టు ఎచ్చటిదో అచ్చటనే గ్రుచ్చి పెట్టుట ఉత్తమము. మూత ఊడి రానిచో స్క్రూడ్రైవరును సందున దూర్చి పెకలించుట చాలమంది చేయు పని. అల్యూమినియము అంచు గాయపడిన పిదప నూనె కారుట ఆగదు. చెక్క సుత్తితో మెల్లగా తట్టినచో చాలును.

స్ప్రింగుల బోల్టులను ఎదురెదురుగా కొంచెము కొంచెముగా వదులు చేయవలెను. కొన్ని బండ్లలో అంతటితో ప్లేట్లు చేతికి వచ్చును. కొన్నిటిలో నడుమ సర్క్లిప్ గాని ప్రత్యేకమైన నట్టు గాని ఉండును. దానికి తగిన పనిముట్టు లేనిచో ఉలి పెట్టి సుత్తితో కొట్టరాదు. అచ్చట ఆగి మెకానిక్కును పిలుచుటయే వివేకము. వచ్చిన ప్లేట్ల వరుసను, ఏ ముఖము ఎటుండెనో గుర్తుంచుకొనవలెను. ఉక్కు ప్లేటును అద్దపు పలకపై పరచి చూడుడు. ఊగినచో అది వంగినది. నీలి మచ్చలు వేడికి కమలిన గుర్తులు. స్ప్రింగులను క్రొత్తవాని ప్రక్క నిలిపి పొడవు పోల్చవలెను; పొట్టివైనచో అన్నిటిని మార్చవలెను.

క్రొత్త ప్లేట్లను పొడిగా బిగించుట తొందరపాటు. వానిని ముందురోజు రాత్రియే క్రొత్త నూనెలో నానవేయవలెను. పాత ప్యాకింగును గీకునప్పుడు తునకలు లోన పడకుండ గుడ్డ అడ్డముంచవలెను. తిరిగి బిగించునప్పుడు కూడ స్ప్రింగు బోల్టులను ఎదురెదురుగా, సమముగా బిగింపవలెను. ఇవి సన్నని బోల్టులు, బలము చూపినచో మరలు చెడును. పిమ్మట క్రొత్త ప్యాకింగు వేసి, బండితో నిచ్చిన పుస్తకములో చెప్పిన కొలతకు నూనె పోసి, వైరు వదులు సరిచేసి, మొదట కొంతదూరము బరువు లేకుండ నడపి చూడవలెను.

పళ్లెములో మిగిలిన పాత నూనె సంగతి పంచాయతీ వారిది. గుంజలకు చెదలు పట్టకుండ పూయుట, మురికికాల్వలో పారబోయుట మన ఊళ్ల పాత అలవాట్లు. వాడిన నూనె 2016 నాటి నియమముల ప్రకారము అపాయకరమైన వ్యర్థము. వానకు కొట్టుకొనిపోయి చెరువును, బోరుబావి పరిసరములను చెరచును. మూత గల పీపా నొకదానిని పంచాయతీ కార్యాలయమువద్ద ఉంచి, నిండిన పిదప అనుమతి పొందిన శుద్ధికర్తలకు పంపుట కష్టమైన పని కాదు. మెకానిక్కు దుకాణముల వారిని కూడ ఇందులో చేర్చవలెను.

2019లో మొదలైన పల్లె ప్రగతిలో పంచాయతీలకు సమకూరిన ట్రాక్టర్ల క్లచ్చు వేరు జాతిది. అది సామాన్యముగా పొడి క్లచ్చు. దానిపై నూనె చుక్క పడినను జారును. కావున మోటారు సైకిలు పాఠమును ట్రాక్టరుపై ప్రయోగింపరాదు. దాని ప్లేటు మార్చుటకు ట్రాక్టరును నడుమకు విడదీయవలసి యుండును గనుక ఆ పని కర్మాగారమునకే వదలవలెను. డ్రైవరు మాత్రము నడుపునంతసేపు క్లచ్చు పెడలుపై కాలు ఆనించి యుంచకుండ చూచినచో ఆ ఖర్చు చాలకాలము వాయిదా పడును.