వాడేది మనం.. డిజైన్‌ చేసేది ఎవరో!

యువత కోసం తయారుచేసే యాప్‌లు, ఫారాలు, సేవలను యువతతో కలిసి తయారుచేయడం ఒక పద్ధతి. అదే చాలామందికి వృత్తి కూడా. బీటెక్‌ వాళ్లకే కాదు, బీఏ, బీకాం విద్యార్థులకూ ఇందులో చోటుంది.

ఆన్‌లైన్‌లో ఏదో దరఖాస్తు నింపుతుంటారు. మొదటి గడి ‘ఫస్ట్‌ నేమ్‌’, రెండోది ‘లాస్ట్‌ నేమ్‌’. రెండింటి పక్కనా ఎర్ర నక్షత్రం గుర్తు, అంటే నింపి తీరాల్సిందే. మనకేమో ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది, బ్యాంకు పాస్‌బుక్‌లో అదీ ఉండదు. ఏ గడిలో ఏది రాయాలి? పాస్‌పోర్టులో పేరంతా సర్‌నేమ్‌ గడిలోనే పడిపోతే, అమెరికా వీసా మీద ఇచ్చిన పేరు ఉండాల్సిన చోట ‘ఎఫ్‌ఎన్‌యూ’ అని అచ్చవుతుంది. ఫస్ట్‌ నేమ్‌ అన్‌నోన్‌ అని దానర్థం. అమ్మానాన్నలు ఏరికోరి పెట్టుకున్న పేరుండగా ‘తెలియదు’ అట!

నా డిగ్రీ రెండో ఏడాదిలో స్కాలర్‌షిప్‌ దరఖాస్తు ఇలాగే ఆగిపోయింది. మెమోలో పేరుకూ ఆధార్‌లో పేరుకూ ఒక్క అక్షరం తేడా. ‘వివరాలు సరిపోలలేదు’ అని తప్ప, ఏ వివరమో, దాన్ని ఎక్కడికెళ్లి దిద్దించుకోవాలో స్క్రీన్‌ మీద ఒక్క ముక్క లేదు. ఫీజు గడువు ఇంకో నాలుగు రోజులు. చివరికి గట్టెక్కించింది బస్టాండు పక్కన నెట్‌ సెంటర్‌ నడిపే అన్న. ఏ పేజీలో టైమ్‌ అయిపోయి బయటికి నెట్టేస్తుందో, ఫొటోను ఎన్ని కేబీలకు కుదిస్తే తీసుకుంటుందో, ఏ వేళలో సర్వర్‌ మొరాయించదో ఆయనకు కంఠతా వచ్చు. ఆ ఫారం తయారుచేసినవాళ్లు ఒక్క పూట ఆయన కుర్చీ వెనక నిలబడి చూసి ఉంటే సగం తిప్పలు తప్పేవి కదా అనిపించింది. అలా వెనక నిలబడి చూడటానికి జీతమిచ్చే ఉద్యోగం ఉందని తెలిసింది మాత్రం చాలా ఏళ్ల తర్వాత.

అట్టపెట్టె ప్రింటర్‌

వాడేవాళ్లను డిజైన్‌లో కూర్చోబెట్టడం సిలికాన్‌ వ్యాలీ కనిపెట్టిందేం కాదు. దాని మూలాలు 1970ల నాటి నార్వే, స్వీడన్‌, డెన్మార్క్‌ కార్మిక సంఘాల్లో ఉన్నాయి. ఫ్యాక్టరీల్లోకి కంప్యూటర్లు వస్తుంటే, ‘వాటిని ఎలా పెట్టాలో నిర్ణయించేటప్పుడు పనిచేసే మాకూ మాట ఉండాలి కదా’ అని అక్కడి కార్మికులు పట్టుబట్టారు. పరిశోధకులు వాళ్లతో చేతులు కలిపారు.

వాటిలో పత్రికల వాళ్లకు దగ్గరైన కథ ఒకటుంది. పేరు యుటోపియా ప్రాజెక్టు, 1981 నుంచి 1985 దాకా సాగింది. పత్రికల్లో అక్షరాలు కూర్చేవాళ్లు, పేజీలు పెట్టేవాళ్లు కంప్యూటర్‌ వస్తే తమ నైపుణ్యం ఏమవుతుందోనని భయపడుతున్న కాలమది. నార్డిక్‌ గ్రాఫిక్‌ కార్మికుల సంఘంతో కలిసి పరిశోధకులు పేజీల తయారీకి కొత్త పరికరాలు రూపొందించడం మొదలుపెట్టారు. మొదట్లో కాగితాల మీద లెక్కలు, బొమ్మలు చూపిస్తే కార్మికులకు అంతుపట్టలేదు. అప్పుడు ప్లైవుడ్‌, కాగితం, అట్టలతో ఉత్తుత్తి కంప్యూటర్లు చేశారు. ఒక ఖాళీ అట్టపెట్టె తెచ్చి పైన ‘డెస్క్‌టాప్‌ లేజర్‌ ప్రింటర్‌’ అని రాసి పెట్టారు. లోపల ఏమీ లేదు. కానీ ఆ పెట్టె ముందు కూర్చున్న కార్మికుడు ‘ఇది ఇక్కడుంటే నా చెయ్యి అందదు, అక్కడ పెట్టండి’ అని చెప్పగలిగాడు. అసలు సంగతంతా అక్కడుంది. కోడ్‌ రాని మనిషి కూడా డిజైన్‌ గురించి మాట్లాడగలిగే పరిస్థితి కల్పించారు. ఇవాళ డిజైన్‌ విద్యార్థులు ‘పేపర్‌ ప్రోటోటైప్‌’ అని గీసుకునేవి ఆ అట్టపెట్టెకు చుట్టాలే.

పిల్లలు రంగు చెప్పి పుస్తకం అడిగారు

పెద్దవాళ్ల సంగతి సరే, పిల్లలనూ ఇలా కూర్చోబెట్టొచ్చా? అమెరికాలోని మేరీలాండ్‌ విశ్వవిద్యాలయంలో అలిసన్‌ డ్రూయిన్‌ అనే పరిశోధకురాలు ఆ పనే చేశారు. ‘కిడ్స్‌టీమ్‌’ పేరుతో ఏడు నుంచి పదకొండేళ్ల పిల్లలు, పెద్దవాళ్లు కలిసి స్కూలు అయ్యాక కూర్చుని డిజైన్‌ చేసేవారు. నచ్చింది ఒక చీటీ మీద, నచ్చనిది ఇంకో చీటీ మీద, ‘ఇలా ఉంటే బాగుండు’ అన్నది మరో చీటీ మీద రాసి గోడకు అంటించడం, ఒకేలాంటివన్నీ ఒక చోటికి చేర్చడం. పద్ధతి ఇంతే.

అక్కడి బృందం చేతుల మీదుగా 2002లో అంతర్జాతీయ పిల్లల డిజిటల్‌ లైబ్రరీ వచ్చింది. పుస్తకం వెతకాలంటే పెద్దలకు రచయిత, విషయం, సంవత్సరం గుర్తొస్తాయి. పిల్లలు మాత్రం అట్ట రంగును బట్టి వెతకాలన్నారు. ‘ఆ ఎర్ర పుస్తకం’ అంటారు కదా మన ఇళ్లలోనూ! ఆ లైబ్రరీలో అట్ట రంగును బట్టి వెతికే వీలు నిజంగానే పెట్టారు. ఎంత అనుభవమున్న లైబ్రేరియన్‌కైనా ఇది తట్టడం కష్టం.

డ్రూయిన్‌ పిల్లల పాత్రను నాలుగు మెట్లుగా చెప్పారు: తయారైంది వాడేవాళ్లు, పరీక్షించేవాళ్లు, మధ్యలో సలహా ఇచ్చేవాళ్లు, మొదటి రోజు నుంచీ డిజైన్‌లో భాగస్వాములు. మనల్ని ఎవరైనా ‘యువత అభిప్రాయం కావాలి’ అని పిలిచినప్పుడు ఈ నాలుగింటిలో ఏ మెట్టు మీదికో అడిగి తెలుసుకోవడం మంచిది. ఎక్కువసార్లు రెండో మెట్టు దాటదు.

ఇక అసలు మెట్టే లేని పిలుపులూ ఉంటాయి. రోజర్‌ హార్ట్‌ 1992లో యూనిసెఫ్‌ కోసం రాసిన వ్యాసంలో పిల్లల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా గీశారు. కింది మూడు మెట్లు ఆయన లెక్కలో భాగస్వామ్యమే కాదు. మభ్యపెట్టడం, అలంకారంగా నిలబెట్టడం, మొక్కుబడిగా పిలవడం. వేదిక మీద ఇద్దరు విద్యార్థుల్ని కూర్చోబెట్టి, బొకే ఇచ్చి, ఫొటో దిగి పంపించేయడం చూస్తూనే ఉంటాం. ఏటా చివర్లో హడావుడిగా నింపించే ఫీడ్‌బ్యాక్‌ ఫారం తర్వాత ఏమైందో ఎప్పుడైనా ఎవరైనా చెప్పారా? చెప్పకపోతే అది ఏ మెట్టో మీరే చూసుకోండి.

మిస్డ్‌ కాల్‌ నేర్పిన పాఠం

మన దేశంలో యువత అడక్కుండానే డిజైన్‌ చేసిన సేవ ఒకటుంది. మిస్డ్‌ కాల్‌. రీఛార్జి డబ్బులు మిగుల్చుకోవడానికి ఒక రింగ్‌ ఇస్తే ‘కిందికి రా’, రెండు ఇస్తే ‘ఇంటికి చేరాను’ అని మనవాళ్లే ఒక భాష కట్టుకున్నారు. ఏ టెలికాం కంపెనీ నేర్పలేదు. ఆ అలవాటును గమనించి 2010లో బెంగళూరులో జిప్‌డయల్‌ అనే సంస్థ పుట్టింది. ఒక నంబరుకు మిస్డ్‌ కాల్‌ ఇస్తే సమాచారం తిరిగి ఫోన్‌కు వచ్చేది. 2015లో ట్విటర్‌ దాన్ని కొనుక్కుంది. అలవాటు అందరి కళ్ల ముందే ఉన్నా, కూర్చుని గమనించినవాళ్లకే అది పనికొచ్చింది.

ఇప్పుడు అలాంటి అలవాట్లు ఏమున్నాయో మీకు తెలిసినంత మరొకరికి తెలియదు. తెలుగును ఇంగ్లిష్‌ అక్షరాల్లో టైప్‌ చేయడం, నోట్స్‌ దాచుకోవడానికి వాట్సప్‌లో తమకు తామే మెసేజ్‌ పెట్టుకోవడం, అమ్మ ఫోన్‌లో ఓటీపీ వస్తే ఊరికి ఫోన్‌ చేసి చదివించుకోవడం... ఇవన్నీ ఒక పరిశోధకుడికి ముడిసరుకే.

ఎలా మొదలుపెట్టాలి?

ఈ పని చేసేవాళ్లను యూఎక్స్‌ రీసెర్చర్లు అంటారు. వీళ్లు వాడేవాళ్లను కలిసి, గమనించి, ఎక్కడ తడబడుతున్నారో కనిపెట్టి డిజైనర్లకు, ఇంజినీర్లకు చెబుతారు. సైకాలజీ, సోషియాలజీ, ఆంత్రొపాలజీ, జర్నలిజం చదివినవాళ్లు ఇందులో చక్కగా ఇమిడిపోతారు, ఎందుకంటే మనిషితో మాట్లాడటం, విన్నది విన్నట్టు రాసుకోవడం వాళ్లకు అలవాటు. దీనికి ఇరుగుపొరుగుగా ప్రొడక్ట్‌ డిజైనర్‌, సర్వీస్‌ డిజైనర్‌, యాప్‌లోని మాటలు రాసే యూఎక్స్‌ రైటర్‌ ఉద్యోగాలున్నాయి. తెలుగు మీడియంలో చదివినవాళ్లు ఈ చివరిదాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. తెలుగు యాప్‌లలో కొన్ని బటన్ల మీద మాటలు చూస్తే, రాసినవాళ్లు దాన్ని ఎవరికీ చదివి వినిపించలేదని తెలిసిపోతుంది.

ఒక మాట దాచకుండా చెప్పాలి. ఫ్రెషర్‌కు నేరుగా ‘రీసెర్చర్‌’ అని బోర్డు పెట్టి ఇచ్చే ఉద్యోగాలు తక్కువ. చాలామంది డిజైన్‌ ఇంటర్న్‌గానో, టెస్టింగ్‌లోనో, కస్టమర్‌ సపోర్ట్‌లోనో చేరి ఇటు జరుగుతారు. అక్కడిదాకా తీసుకెళ్లేది సర్టిఫికెట్‌ కన్నా మీరు సొంతంగా చేసి చూపించే పని.

ఆ నెట్‌ సెంటర్‌నే తీసుకుందాం. ఓనర్‌ను అడిగి రెండు మధ్యాహ్నాలు ఓ మూల కూర్చోండి. దరఖాస్తు నింపడానికి వచ్చిన ఐదుగురిని, వాళ్ల అనుమతితో గమనించండి. ఐదుగురేనా అనుకోవద్దు. ఒకే రకమైన వాడకందార్లలో ఐదుగురిని పరీక్షిస్తే సుమారు 85 శాతం ఇబ్బందులు బయటపడతాయని జేకబ్‌ నీల్సన్‌ అనే నిపుణుడు 2000లో లెక్కగట్టారు. ఆ సంఖ్య ప్రతిచోటా అచ్చంగా అలాగే వస్తుందనేం లేదు గానీ, మొదలుపెట్టడానికి ఐదుగురు చాలు.

నింపుతూ మనసులో అనుకునేది పైకి చెప్పమనండి. వాళ్లు తడబడితే మీ చెయ్యి మౌస్‌ మీదికి పోతుంది. ఆపుకోండి. సాయం చేశారంటే మీకు తెలియాల్సింది తెలియకుండా పోతుంది. చూడటం అయిపోయాక కావాలంటే దగ్గరుండి నింపించండి, అది మన ధర్మం. ఆధార్‌ కార్డు ఫొటో మాత్రం తీయొద్దు, పేర్లు రాసుకోవద్దు. 18 ఏళ్లలోపు వాళ్లయితే తల్లిదండ్రుల అనుమతి లేకుండా ముందుకెళ్లొద్దు. 2023 నాటి డిజిటల్‌ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా వాళ్లను పిల్లలుగానే చూస్తుంది.

అడిగే ప్రశ్నల్లో ఒక మెలిక ఉంది. ‘ఈ ఫారం బాగుందా?’ అంటే మనవాళ్లు నొచ్చుకుంటారేమోనని ‘బాగుందండి’ అనేస్తారు. పెళ్లి భోజనం ఎలా ఉందని అడిగితే వచ్చే జవాబు లాంటిదే ఇది. దానికి బదులు ‘పోయినసారి ఎప్పుడు నింపారు? ఎక్కడ ఆగిపోయారు? అప్పుడు ఎవరికి ఫోన్‌ చేశారు?’ అనండి. జరిగింది అడిగితే నిజం వస్తుంది.

తర్వాత ఆ ఫారంలోని ఒక్క పేజీని, ఒక్కటే, తెల్లకాగితం మీద మీకు తోచినట్టు మళ్లీ గీయండి. ఇంకో ఐదుగురి ముందు పెట్టి వేలితో నొక్కమనండి. నేనైతే మొదటి బొమ్మ కచ్చితంగా తప్పుతుందని పందెం కాస్తాను. తప్పాలి కూడా. ఏం అనుకున్నారు, చూశాక ఏం తెలిసింది, ఏం మార్చారు అన్నది రెండు పేజీల్లో రాస్తే అదే మీ పోర్ట్‌ఫోలియోలో మొదటి కేస్‌ స్టడీ. ఫిగ్మాలో అందంగా గీసిన పది స్క్రీన్ల కన్నా, ‘ఇక్కడ నేను పొరబడ్డాను’ అన్న ఒక్క పేరా ఇంటర్వ్యూలో ఎక్కువసేపు మాట్లాడిస్తుంది.

ఆలోచన ఇచ్చేముందు..

హ్యాకథాన్లు, ‘మీ ఐడియా చెప్పండి’ పోటీలు, క్యాంపస్‌ అంబాసిడర్‌ పిలుపులు బోలెడు. వెళ్లండి, నేర్చుకుంటారు. కానీ అప్‌లోడ్‌ నొక్కే ముందు నియమాల పేజీ ఒకసారి చదవండి. మీరిచ్చిన ఆలోచన ఎవరిదవుతుంది? గెలవకపోయినా వాళ్లు వాడుకోవచ్చా? కొన్నిచోట్ల వాడుకోవచ్చని రాసే ఉంటుంది. వస్తువు రూపాన్ని డిజైన్ల చట్టం, 2000 కింద రిజిస్టర్‌ చేయించుకోవాలనుకుంటే అది అంతకుముందు బయటపెట్టనిదై ఉండాలి. ఇన్‌స్టాలో రీల్‌ పెట్టేశాక పరుగెత్తితే చిక్కే. కంపెనీ వాళ్లు గంటసేపు మిమ్మల్ని కూర్చోబెట్టి యాప్‌ పరీక్షిస్తుంటే పారితోషికం ఎంతని అడగడం మొహమాటపడాల్సిన విషయం కాదు. గిఫ్ట్‌ వోచరో, నగదో ఇవ్వడం ఈ రంగంలో మామూలే.

చదువు వైపు వెళ్లాలనుకునేవారికి దారులు దగ్గర్లోనే ఉన్నాయి. ఐఐటీ హైదరాబాద్‌లో డిజైన్‌ విభాగం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో జాతీయ డిజైన్‌ సంస్థ ఎన్‌ఐడీ ఉంది. ఇంటర్‌ తర్వాత ఐఐటీల్లో బీడిజైన్‌కు యూసీడ్‌, డిగ్రీ తర్వాత ఎండిజైన్‌కు సీడ్‌ రాయాలి. రెండింటినీ ఐఐటీ బాంబే నిర్వహిస్తుంది. సీడ్‌కు మూడేళ్ల డిగ్రీ ఏదైనా సరే, ఫైనలియర్‌ వాళ్లూ రాయొచ్చు, వయసు పరిమితి లేదు. పరీక్ష సాధారణంగా జనవరిలో ఉంటుంది, దరఖాస్తులు అంతకు కొన్ని నెలల ముందే మొదలవుతాయి. ఆ దరఖాస్తులో పేరు రాసే గడి దగ్గరికి వచ్చినప్పుడు ఒక్క క్షణం ఆగి, సర్టిఫికెట్‌లో ఎలా ఉందో చూసుకుని మరీ నింపండి.