లేచి నిలబడగానే ఒంట్లో ఏం జరుగుతుంది?

పడుకున్న మనిషి లేచి నిలబడగానే అర లీటరు నుంచి ముప్పావు లీటరు దాకా రక్తం పొట్టలోకి, కాళ్లలోకి దిగిపోతుంది. గుండెకు తిరిగొచ్చే రక్తం ఆ మేరకు తగ్గుతుంది, బీపీ పడిపోతుంది. లెక్క ప్రకారం మనం రోజూ పొద్దున్నే మంచం పక్కన కుప్పకూలాలి. కూలడం లేదంటే అది నాడీ వ్యవస్థ చలవే.

మెడకు ఇరుపక్కలా మెదడుకు రక్తం మోసే ధమనుల్లోనూ, గుండె నుంచి బయల్దేరే బృహద్ధమని వంపులోనూ గోడ ఎంత సాగుతోందో పసిగట్టే నాడుల కొసలుంటాయి. బీపీ తగ్గితే గోడ సాగడం తగ్గి, వాటి సంకేతాలు పలచబడతాయి. మెదడు అడుగున ఉండే మజ్జాముఖం ఆ తేడా పట్టేసి సహానుభూత నాడుల ద్వారా రక్తనాళాలను బిగిస్తుంది. అంతకంటే ముందే వేగస్ నాడి గుండెకు వేసిన కళ్లెం వదులు చేస్తుంది. గుండెను దాని మానాన వదిలేస్తే నిమిషానికి సుమారు 100 సార్లు కొట్టుకుంటుంది. ఊరికే కూర్చున్నప్పుడు 70 దగ్గర ఉంటోందంటే వేగస్ పట్టి ఉంచబట్టే. ఆ పట్టు సడలితే చాలు, ఒకటి రెండు చప్పుళ్లలోనే వేగం పెరుగుతుంది.

వేగస్ గుండెను ఎలా నెమ్మదింపజేస్తుందో ఒట్టో లోవి అనే శాస్త్రవేత్త కప్ప గుండెలతో తేల్చి 1921లో ప్రచురించాడు. ఒక గుండె వేగస్‌ను ప్రేరేపించి, అందులోని ద్రవాన్ని రెండో గుండెకు అందించాడు. నాడిని ముట్టుకోకపోయినా అదీ నెమ్మదించింది. ఆ పని చేసిన రసాయనం ఎసిటైల్‌కోలిన్. ప్రయోగం కలలో తట్టిందని ఆయనే చెప్పుకున్నాడు. కల సంగతెలా ఉన్నా, 1936లో హెన్రీ డేల్‌తో కలిసి నోబెల్ అందుకున్నాడు.

బీపీని నిలబెట్టే ఈ ఏర్పాటు తడబడినప్పుడు లేచీ లేవగానే కళ్లు బైర్లు కమ్ముతాయి. ఎండాకాలం ఒంట్లో నీరు తగ్గినా, విరేచనాలైనా, కొన్ని బీపీ మాత్రలు, ప్రోస్టేట్ మాత్రలు వాడినా ఇలా కావచ్చు. ఏళ్ల తరబడి అదుపు తప్పిన షుగరు ఏకంగా ఈ నాడులనే దెబ్బతీస్తుంది. అప్పుడు బీపీ పడినా గుండె వేగం తగినంత పెరగదు. మన ఇళ్లలో దీనికి నీరసమని పేరు పెట్టి టానిక్కుతో సరిపెడతారు. పెద్దవాళ్ల విషయంలో అది ప్రమాదకరం, పడితే తుంటి ఎముక విరగొచ్చు.

నిలబడిన 3 నిమిషాల్లోపు బీపీ పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే వైద్యులు దాన్ని పట్టించుకోవలసిన లోపంగానే చూస్తారు. కూర్చోబెట్టి మాత్రమే బీపీ చూస్తే ఇది బయటపడదు. కళ్లు తిరుగుతున్నాయని డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు, పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి చూడమని అడగండి. ఈలోపు మాత్రలు మాత్రం సొంతంగా ఆపకండి.