మీకాయా మాట మనకు వినిపిస్తోందా?

రామోత్గిలాదు మీదికి యుద్ధానికి వెళ్లాలా వద్దా అని అహాబు అడిగితే దాదాపు 400 మంది ప్రవక్తలు ఏకకంఠంతో వెళ్లమన్నారు (1 రాజులు 22). యెహోషాపాతుకు తృప్తి కలగలేదు. ఇంకెవరైనా ఉన్నారా అని అడిగాడు. మీకాయా ఉన్నాడు. కానీ తన గురించి మేలు పలకడని అహాబుకు అతడంటే ద్వేషం. అతణ్ణి చెరసాలలో వేయించి వెళ్లిన రాజు యుద్ధంలో బాణం తగిలి మరణించాడు.

నేడు ఆ 400 మందిని మన ఫోనే సమకూరుస్తోంది. మనం దేన్ని లైక్ చేశామో, ఏ వీడియో దగ్గర ఎక్కువసేపు ఆగామో గమనించి ఫేస్‌బుక్, యూట్యూబ్ అలాంటివే మళ్లీ చూపిస్తాయి. ఎలై పారిసర్ 2011లో రాసిన పుస్తకంలో దీన్నే 'ఫిల్టర్ బబుల్' అన్నారు.

దీని నష్టం సంఘంలోనూ కనిపిస్తుంది. బాప్తిస్మం గురించో, ఎన్నికల గురించో నెలల తరబడి చెరో వైపు వీడియోలే చూసిన ఇద్దరు ఆదివారం ఒకే ప్రభు బల్లలో పాలుపొందుతారు. బయటికి వచ్చాక ఒకరి మాట ఒకరికి గిట్టదు.

వినకముందే జవాబివ్వడం అవివేకమని సామెతలు 18:13 హెచ్చరిస్తుంది. విన్నంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు. బెరయ వారు పౌలు బోధను ఆసక్తితో విన్నారు, లేఖనాలతో సరిచూసుకున్నారు (అపొ. కార్యములు 17:11).

ఈ వారం మనతో ఏకీభవించని ఒక సహోదరుణ్ణో, సహోదరినో కలుద్దాం. ఎందుకలా అనుకుంటున్నారో అడిగి, చివరిదాకా విందాం. ఆ తర్వాత ఇద్దరం కలిసి వాక్యం తెరుద్దాం.