వయసుకు వంద కలిపే లెక్క తప్పు
ధమనుల బిరుసును చెప్పేది బీపీలోని పై అంకే

కోడూరు: రక్తపోటు పరీక్ష చేయించుకున్న వృద్ధులు చాలామంది కింది అంకెను చూసుకుని ఊరట పొందుతుంటారు. చీటీలో 170/70 అని రాసి ఉన్నా ‘కింద బీపీ బాగానే ఉంది, వయసుకు వంద కలుపుకోవాలి కదా’ అని సరిపెట్టుకోవడం దివిసీమ పల్లెల్లో పరిపాటి. డెబ్బయ్యేళ్లకు 170 సహజమేనన్న ఈ పాత లెక్కను వైద్యశాస్త్రం ఎప్పుడో తోసిపుచ్చింది. ఆ రెండు అంకెల మధ్య దూరం పెరగడం, గుండె నుంచి బయలుదేరే పెద్ద ధమని బిరుసెక్కిందనడానికి గుర్తు.

ధమని ఉత్త నీళ్ల గొట్టం కాదు. దాని పని తెలియాలంటే వరిచేలో మందు కొట్టే చేతి స్ప్రేయరును చూస్తే చాలు. పిడిని ఆగి ఆగి ఆడించినా మందు తెగకుండా చిమ్ముతుంది. లోపలి అరలో నొక్కుకుపోయిన గాలి, పిడి ఆగిన క్షణంలోనూ మందును నెడుతుండటమే ఇందుకు కారణం. గుండె కూడా నిమిషానికి సుమారు 70 సార్లు ఆగి ఆగి కొట్టుకునేదే. కొట్టుకున్న ప్రతిసారీ పెద్ద ధమని సాగి కొంత రక్తాన్ని తనలో నిలుపుకుంటుంది. గుండె విశ్రమించినప్పుడు ముడుచుకుని ఆ రక్తాన్ని ముందుకు పంపుతుంది.

ఈ సాగే గుణం ఎలాస్టిన్ అనే మాంసకృత్తు వల్ల వస్తుంది. అది చాలావరకు తల్లి గర్భంలోను, పసితనంలోను తయారవుతుంది. ఆ తరువాత కొత్తగా చేరేది స్వల్పం. దశాబ్దాల తరబడి సాగి ముడుచుకునే సరికి దాని పోగులు తెగుతాయి. అంతగా సాగని కొల్లాజెన్ ఆ చోటును ఆక్రమిస్తుంది. పొగాకు, మధుమేహం, ఉప్పు ఎక్కువైన తిండి ఈ మార్పును తొందరపెడతాయి. ఆవకాయ, ఎండుచేప లేనిదే ముద్ద దిగని ప్రాంతంలో ఈ చివరి మాట కొంత కష్టంగానే వినిపిస్తుంది. కొవ్వు పేరుకుని నాళం పూడిపోవడం వేరు, గోడ బిరుసెక్కడం వేరు. ఒకే మనిషిలో రెండూ ఉండవచ్చు.

బిరుసెక్కిన ధమని సాగదు గనుక పై అంకె ఎగబాకుతుంది. నిలుపుకున్న రక్తం తక్కువ గనుక కింది అంకె దిగుతుంది. ఆ తాకిడి మెదడు, మూత్రపిండాల సన్నని నాళాల వరకు చేరుతుంది. 1991లో వెలువడిన అమెరికా అధ్యయనంలో 60 ఏళ్లు దాటి, పై అంకె 160 లేదా అంతకు మించి, కింది అంకె 90 లోపు ఉన్న 4,736 మందిని పరిశీలించారు. మందులు వాడిన వారిలో పక్షవాతం 36 శాతం తగ్గింది.

పసితనపు తిండికీ దీనికీ సంబంధం ఉన్నట్లు మన రాష్ట్రం ఉమ్మడిగా ఉన్న రోజుల్లోనే తేలింది. జాతీయ పోషకాహార సంస్థ 1987-90 మధ్య హైదరాబాద్ సమీపంలోని 29 గ్రామాలను ఎంచుకుంది. వాటిలో కొన్నింట గర్భిణులకు, పసిపిల్లలకు అదనపు పోషకాహారం అందింది. ఆ గ్రామాల పిల్లలు 13-18 ఏళ్ల వారయ్యాక, 2003-05లో 1,165 మందిని పరీక్షించారు. ఆహారం అందిన ఊళ్ల వారిలో ధమనుల బిరుసు తక్కువగా కనిపించింది. అంగన్‌వాడీ ముద్ద ఇంత దూరం పనిచేస్తుందని ఎవరూహిస్తారు!

బిరుసును నేరుగా కొలిచే పరీక్ష పెద్ద ఆసుపత్రుల్లో ఉంటుంది. నాడి అల మెడ నుంచి గజ్జ వరకు సాగే వేగాన్ని లెక్కిస్తారు. మెత్తని నాళంలో అల నెమ్మదిగా, బిరుసు నాళంలో వడిగా పోతుంది. సెకనుకు 10 మీటర్లు దాటితే బిరుసెక్కినట్లు. చీలమండ బీపీని చేతి బీపీతో భాగించే పరీక్ష మరొకటి. ఫలితం 0.9 కంటే తక్కువైతే కాలి నాళంలో పూడిక, 1.4 దాటితే గోడలు గట్టిపడ్డాయని అనుమానిస్తారు. మధుమేహులకు ఇది ముఖ్యం.

పల్లెలో అందుబాటులో ఉండేది చేతిపట్టీ పరీక్షే. దాన్నైనా సరిగా చేయించుకోవాలి. అరగంట ముందు నుంచి చుట్ట, కాఫీ మాని, ఐదు నిమిషాలు కదలక కూర్చుని, మాట్లాడకుండా రెండుసార్లు చూపించుకుని రెండు అంకెలూ రాయించుకోవాలి. మందు వాడే వృద్ధులు నిలబడి కూడా ఒకసారి చూపించుకోవడం మంచిది. లేచినప్పుడు కళ్లు తిరుగుతుంటే మాత్ర సొంతంగా మానక, మోతాదును వైద్యుడి చేతనే సవరింపజేసుకోవాలి.